కేబుల్ తీసేస్తే ఆటలు ఎలా చూడాలి? అమెరికాలోని తెలుగు ఇళ్ళ నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. కేబుల్ తీసేసి నాలుగేళ్ళు దాటింది. ఆ తర్వాత ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "మరి మ్యాచులు ఎలా చూస్తున్నారండీ?" అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ధరలన్నీ 2025 చివరి నాటివి, పన్నులు కలపకుండా. ఊరి ఉదాహరణలు డాలస్‌వి. మీరు న్యూజెర్సీలో ఉన్నా, బే ఏరియాలో ఉన్నా లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

కేబుల్ తీసేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

కేబుల్ తీసేసి దాని బదులు అన్ని చానెళ్ళూ ఇచ్చే స్ట్రీమింగ్ సర్వీసు ఒకటి పెట్టుకుని, ఏడాది పొడవునా కట్టుకుంటూ పోతే పెద్దగా మిగలదు. యూట్యూబ్ టీవీ 2017లో మొదలైనప్పుడు నెలకు 35 డాలర్లు. 2025 జనవరి నుంచి 82.99. హులు లైవ్ 2025 అక్టోబరులో 89.99కి వెళ్ళింది. దాని మీద ప్రైమ్, పీకాక్ లాంటి యాప్‌లు ఇంకోటి, ఇంకోటి చేరితే తడిసి మోపెడవుతుంది.

మిగిలేది ఎప్పుడంటే, మీరు చూసే ఆట ఏ నెలల్లో ఉంటుందో ఆ నెలలకే కట్టినప్పుడు. కేబుల్‌లా ఇక్కడ ఏడాది, రెండేళ్ళ ఒప్పందం ఉండదు. ఈ నెల పెట్టుకుని వచ్చే నెల ఆపేయొచ్చు. ఆ సౌకర్యాన్ని వాడుకోని వాళ్ళు పాత బిల్లునే కొత్త పేరుతో కడుతున్నారు. నాకు బాధనిపించేది అదే.

మా పాత కేబుల్ బిల్లులో టీవీ వాటా 118 డాలర్లు ఉండేది. ఒక రోజు కూర్చుని వరుసగా చదివితే "ప్రసార టీవీ రుసుము", "ప్రాంతీయ క్రీడల రుసుము" అని రెండు పద్దులు కనిపించాయి. రెండూ కలిపి 40 దాటాయి. మేము ప్రాంతీయ క్రీడల చానెల్ ఒక్కసారి కూడా పెట్టలేదు. మీ బిల్లు కూడా ఒకసారి పై నుంచి కింది దాకా చదవండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక కాగితం మీద ఇంట్లో ఎవరెవరు ఏ ఆట చూస్తారో, ఏ జట్టు చూస్తారో రాయండి. "స్పోర్ట్స్ అన్నీ కావాలి" అనే వాళ్ళను కూర్చోబెట్టి అడిగితే చివరికి తేలేవి రెండో మూడో. డాలస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్, ఐపీఎల్, పిల్లాడికి బాస్కెట్‌బాల్. అంతే. ఆ మూడింటికి వంద చానెళ్ళు అక్కర్లేదు.

యాంటెనా ఇంకా పనిచేస్తుందా? దూరదర్శన్ కాలం నాటి వస్తువు కదా?

పనిచేస్తుంది, అదీ బ్రహ్మాండంగా. సీబీఎస్, ఫాక్స్, ఎన్‌బీసీ, ఏబీసీ నాలుగూ గాలిలో ఉచితంగా వస్తాయి. బొమ్మ హెచ్‌డీ. నెలవారీ ఖర్చు సున్నా. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆదివారం మ్యాచులు, దాని ఫైనల్ సూపర్ బౌల్, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఈ నాలుగింటిలోనే వస్తాయి. యాంటెనా గురించి చెబితే నవ్వేసి వదిలేసే వాళ్ళే ఎక్కువ. కానీ నా మాట విని, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఇది పెట్టి చూడండి.

డాలస్ వాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఇక్కడి టీవీ టవర్లన్నీ నగరానికి నైరుతిలో సీడర్ హిల్ దగ్గర ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్ళు. నేను మొదట గోడకు అతికించే పల్చటి పలక యాంటెనా తెచ్చి టీవీ వెనక పెట్టాను. ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5 వచ్చాయి, ఏబీసీ 8 మాత్రం ముక్కలు ముక్కలైంది. కారణం తర్వాత తెలిసింది. ఏబీసీ 8 ఇప్పటికీ వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీలో వస్తుంది, ఆ పలకలు ఎక్కువగా యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ పట్టడానికి చేసినవి. "కుందేలు చెవుల్లా" రెండు కడ్డీలు ఉండే రకం తెచ్చి, మేడ మీద గదిలో దక్షిణం వైపు కిటికీ అంచున పెట్టి, కడ్డీలు పూర్తిగా లాగి, మళ్ళీ స్కాన్ చేశాను. నిలబడింది. కిటికీకి, గోడకు ఉన్న తేడా అంత. మీ ఊళ్ళో టవర్లు ఏ దిక్కున ఉన్నాయో ముందు చూసుకోండి. ఆ దిక్కున కిటికీ ఉన్న గదిలోనే యాంటెనా పెట్టాలి.

మేము కౌబాయ్స్ తప్ప ఇంకేం చూడం. ఏది కొనాలి?

డాలస్ ప్రాంతంలో ఉంటే యాంటెనా చాలు. నేను ఈ మాట చెబితే నమ్మరు, కాబట్టి వివరంగా చెబుతాను.

ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచులు చాలా చోట్లకు చీలిపోయాయి. ఆదివారం మధ్యాహ్నం సీబీఎస్, ఫాక్స్. ఆదివారం రాత్రి ఎన్‌బీసీ. సోమవారం ఆటల కేబుల్ చానెల్ ఈఎస్‌పీఎన్. గురువారం 2022 నుంచి అమెజాన్ ప్రైమ్. క్రిస్మస్ నాడు 2024 నుంచి నెట్‌ఫ్లిక్స్ కూడా. ఇది చూసి జనం భయపడి అన్నీ కొంటారు. కానీ లీగ్‌కు ఒక పాత నియమం ఉంది. మ్యాచ్ కేబుల్‌లో వచ్చినా, స్ట్రీమింగ్‌లో వచ్చినా, ఆ రెండు జట్ల సొంత ఊళ్ళలో మాత్రం ఏదో ఒక ఉచిత చానెల్‌లో వేయాలి. అంటే గురువారం ప్రైమ్‌లో వచ్చే కౌబాయ్స్ మ్యాచ్ డాలస్ యాంటెనాలో కూడా వస్తుంది. థాంక్స్‌గివింగ్ రోజు కౌబాయ్స్ ఆట ఎలాగూ ఉచిత చానెల్‌లోనే.

ఇతర జట్లు కూడా కావాలంటే అప్పుడు ఈఎస్‌పీఎన్, ప్రైమ్ ఆలోచించండి.

హైదరాబాద్ నుంచి చికాగో వచ్చి, అక్కడి నుంచి టెక్సాస్ వచ్చాం. మా ఆయన ఇంకా బేర్స్ అభిమానే. సండే టికెట్ కొనాలా?

సండే టికెట్ సరిగ్గా ఇలాంటి వాళ్ళ కోసమే. ఆదివారం మధ్యాహ్నం మీ ఊరి చానెళ్ళలో వేయని మ్యాచులు అందులో వస్తాయి. 2023 నుంచి అది యూట్యూబ్ చేతిలో ఉంది. యూట్యూబ్ టీవీ లేకుండా విడిగానూ కొనుక్కోవచ్చు, కానీ విడిగా కొంటే ధర ఎక్కువ. రాత్రి మ్యాచులు, సోమవారం మ్యాచులు అందులో రావు. ఒక సీజన్‌లో మీ జట్టు ఆడే 17 మ్యాచుల్లో ఎన్ని ఆదివారం మధ్యాహ్నం పడ్డాయో, వాటిలో ఎన్ని మీ ఊళ్ళో ఎలాగూ వేస్తారో షెడ్యూల్ ముందు పెట్టుకుని లెక్కపెట్టాకే డబ్బు కట్టండి.

యూట్యూబ్ టీవీ, హులు లైవ్, ఫ్యూబో, స్లింగ్, డైరెక్ట్ టీవీ: ఏది మంచిది?

ఆటల కోసమే అయితే నా ఓటు యూట్యూబ్ టీవీకి. నాలుగు ప్రధాన చానెళ్ళు, ఈఎస్‌పీఎన్, ఎఫ్‌ఎస్1, టీఎన్‌టీ, ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్ లాంటి ఆటలు వేసే కేబుల్ చానెళ్ళు ఒకేచోట దొరుకుతాయి. రికార్డింగ్‌కు పరిమితి లేదు, తొమ్మిది నెలలు ఉంటుంది. ఒకే తెర మీద నాలుగు మ్యాచులు పక్కపక్కన వేసే సదుపాయం ఆదివారాలు బాగా పనికొస్తుంది. ఒకేసారి మూడు తెరల మీద చూడొచ్చు.

హులు లైవ్‌లో చానెళ్ళు దాదాపు అవే. డిస్నీ ప్లస్ కలిపి వస్తుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంటికి లాభం. మామూలు ప్లాన్‌లో రెండు తెరలే. ఇల్లు మారినా, ఎక్కువగా ప్రయాణాల్లో ఉన్నా దీనితో కాస్త ఇబ్బంది, ఎందుకంటే టీవీలో చూడాలంటే ఇంటి వైఫై మీదే ఉండాలని గట్టిగా పట్టుబడుతుంది.

ఫ్యూబో 2015లో సాకర్ కోసం మొదలైన సర్వీసు. దానిలో టీఎన్‌టీ, టీబీఎస్ 2020 నుంచి లేవు. 2025 నవంబరులో ఎన్‌బీసీ చానెళ్ళు కూడా పోయాయి. అంటే ఆదివారం రాత్రి ఫుట్‌బాల్ లేదు, ప్రీమియర్ లీగ్ లేదు. 2025 అక్టోబరు చివర్లో హులు లైవ్, ఫ్యూబో ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. అందులో 70 శాతం డిస్నీది. ఆటల పేరు పెట్టుకున్న సర్వీసులో ఇన్ని ఆటలు లేకపోవడం చూసి నేనైతే ఇప్పటికి దాన్ని సిఫారసు చెయ్యను.

స్లింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగు చానెళ్ళు, క్రికెట్ కోసం తెలుగు ఇళ్ళకు దీనితో పని పడుతుంది. ఇందులో రెండు ప్యాకేజీలు: ఆరెంజ్, బ్లూ. ఈఎస్‌పీఎన్ ఆరెంజ్‌లో ఉంది, కానీ ఒకసారికి ఒక్క తెరే. ఫాక్స్, ఎన్‌బీసీ బ్లూలో ఉన్నాయి, అదీ కొన్ని నగరాల్లో మాత్రమే. సీబీఎస్ ఎక్కడా లేదు. డాలస్‌లో ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5 వస్తాయి. ఏబీసీ 8, సీబీఎస్ 11 రావు. ఆ రెంటికీ పైన చెప్పిన యాంటెనా ఉంటే లోటు తీరిపోతుంది. స్లింగ్ ఆరెంజ్, యాంటెనా జోడీ కలిపి నెలకు 50 డాలర్ల లోపు అయిపోతుంది. 2025 ఆగస్టులో స్లింగ్ ఒక్క రోజుకు 4.99 డాలర్ల పాస్ కూడా పెట్టింది. దాని మీద డిస్నీ కోర్టుకు వెళ్ళింది కూడా. ఒకే ఒక్క పెద్ద మ్యాచ్ చూడాల్సిన రోజున అంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

డైరెక్ట్ టీవీ వాళ్ళది 2025 జనవరిలో ఆటల చానెళ్ళతోనే 69.99కి ఒక ప్యాకేజీ వచ్చింది. సినిమాలు, వార్తల జోలికి పోని వాళ్ళు చూడొచ్చు.

ఈఎస్‌పీఎన్ ఒక్కటే విడిగా దొరుకుతుందా?

2025 ఆగస్టు 21 నుంచి దొరుకుతోంది. నెలకు 29.99. అదే రోజు ఫాక్స్ వాళ్ళు తమ చానెళ్ళతో ఫాక్స్ వన్ అనే యాప్‌ను 19.99కి తెచ్చారు. రెండూ కలిపి 39.99. యాంటెనా పెట్టుకున్న ఇంటికి ఫాక్స్ వన్ అవసరం చాలా తక్కువ.

పిల్లలు ఎన్‌బీఏ అంటున్నారు. టీఎన్‌టీలో రావడం లేదేంటి?

2025-26 సీజన్ నుంచి లెక్క మారింది. పదకొండేళ్ళ కొత్త ఒప్పందంలో ఏబీసీ-ఈఎస్‌పీఎన్, ఎన్‌బీసీ-పీకాక్, అమెజాన్ ప్రైమ్ ఉన్నాయి. టీఎన్‌టీ బయటికి పోయింది. పీకాక్ ప్రకటనలతో నెలకు 10.99. ప్రైమ్ మన ఇళ్ళలో ఎలాగూ ఉంటుంది.

ఇవి దేశమంతటికీ వేసే మ్యాచులు. మీ ఊరి జట్టు రోజువారీ మ్యాచులు వేరే. డాలస్ మావెరిక్స్ 2024లో ప్రాంతీయ క్రీడల చానెల్‌ను వదిలేసి ఉచిత చానెల్ 29కి వచ్చేసింది. ఐస్ హాకీ జట్టు స్టార్స్ మ్యాచులు విక్టరీ ప్లస్ అనే ఉచిత యాప్‌లో వస్తాయి. నిన్నమొన్నటి దాకా వీటి కోసమే కేబుల్ ఉంచుకున్న ఇళ్ళు ఎన్నో! మీ ఊరి జట్టు ఎక్కడికి మారిందో ఆ జట్టు సైట్‌లోనే చూడండి, ఎందుకంటే ఇది ఊరూరికీ వేరు.

అసలు సంగతి: క్రికెట్?

విల్లో అనే క్రికెట్ చానెల్. అమెరికాలో క్రికెట్ చూసే ఇంటికి దీన్ని మించింది లేదు. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ఇక్కడి హక్కులు విల్లో నడిపే టైమ్స్ ఇంటర్నెట్‌వి. 2024 టీ20 ప్రపంచ కప్, 2025 చాంపియన్స్ ట్రోఫీ అందులోనే చూశాం. వేసవిలో అమెరికా టీ20 లీగ్ మేజర్ లీగ్ క్రికెట్ కూడా అందులోనే.

కొనడానికి రెండు దారులు. విల్లో సొంత యాప్‌లో నేరుగా చందా కట్టొచ్చు. లేదా స్లింగ్‌లో దేశీ ప్యాకేజీతో తీసుకోవచ్చు. తెలుగు చానెళ్ళు కూడా కావాలంటే రెండోది, క్రికెట్ ఒక్కటే అయితే మొదటిది. ఏడాది చందా నెలవారీ కంటే గిట్టుబాటు. ఐపీఎల్ రెండు నెలల కోసమే అయితే నెలవారీ చాలు.

సమయాలు గుర్తుపెట్టుకోండి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఇండియాలో 7:30కి అంటే డాలస్‌లో ఉదయం 9, న్యూజెర్సీలో 10, బే ఏరియాలో 7. శని, ఆదివారాల్లో పగటి మ్యాచ్ డాలస్‌లో తెల్లవారి 5కి. మీటింగుల మధ్యలో పడుతుంది కాబట్టి మ్యాచ్ మళ్ళీ మొదటి నుంచి చూసే సదుపాయం అందరికీ కావాలి. విల్లో యాప్‌లో పూర్తి మ్యాచ్ రీప్లే ఉంటుంది. స్కోరు ముందే కనపడకుండా నోటిఫికేషన్లు ఆపేసుకోండి.

2024 జూన్ 6న గ్రాండ్ ప్రైరీలో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించిన రోజు మా వీధిలో మూడు ఇళ్ళ నుంచి ఒకేసారి అరుపులు వినిపించాయి. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చినప్పుడు ఇలాంటి రోజు వస్తుందని నేను ఊహించలేదు. ఆ స్టేడియం మా ఇంటికి ముప్పావు గంట. టీవీ సంగతి ఎలా ఉన్నా, ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇండియాలోని మా తమ్ముడి హాట్‌స్టార్‌ను వీపీఎన్‌తో చూడొచ్చా?

అమెరికాలో హాట్‌స్టార్ 2022 చివర్లో మూసేశారు. వీపీఎన్‌తో చూడడం వాళ్ళ నిబంధనలకు విరుద్ధం. పైగా ఆఖరి ఓవర్‌లో యాప్ మిమ్మల్ని గుర్తుపట్టి ఆపేస్తే చేసేదేం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఏడాదికి 50 డాలర్లకే అన్ని చానెళ్ళు" బాక్సుల జోలికి అసలు పోకండి. అవి దొంగ ప్రసారాలు. కార్డు నంబరు ఎవరి చేతిలోకి పోతుందో తెలియదు.

సాకర్, టెన్నిస్, ఫార్ములా వన్?

ప్రీమియర్ లీగ్‌కు ఎన్‌బీసీ, యూఎస్‌ఏ, పీకాక్. చాంపియన్స్ లీగ్‌కు పారమౌంట్ ప్లస్. మెస్సీ ఆడే అమెరికా సాకర్ లీగ్ ఎంఎల్‌ఎస్ ఆపిల్ టీవీలో. ఫార్ములా వన్ కూడా 2026 నుంచి ఆపిల్‌కే వెళ్ళింది. వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఈఎస్‌పీఎన్‌లో. ఫ్రెంచ్ ఓపెన్ 2025 నుంచి టీఎన్‌టీలో. 2026 ఫిఫా ప్రపంచ కప్ ఇంగ్లీషు ప్రసారం ఫాక్స్, ఎఫ్‌ఎస్1లది, స్పానిష్ టెలిముండోది. ఎక్కువ మ్యాచులు ఫాక్స్‌కే ఇచ్చారు కాబట్టి మళ్ళీ యాంటెనాయే దిక్కు. తొమ్మిది మ్యాచులు డాలస్ పక్కనున్న మన ఆర్లింగ్టన్‌కే కేటాయించారు.

స్ట్రీమింగ్‌లో మ్యాచ్ ఆలస్యంగా వస్తుందంటారు. నిజమేనా?

నిజమే. అర నిమిషం నుంచి ఒక్కోసారి నిమిషం పైన వెనకబడుతుంది. తెనాలిలో మా నాన్నగారు టీవీ ముందు కూర్చుని నాతో ఫోన్‌లో మాట్లాడుతూ మ్యాచ్ చూస్తారు. ఇక్కడ బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టడు, అక్కడి నుంచి "పోయిందిరా వికెట్టు!" అని కేక. బతిమాలి చెప్పాను, ఆయనకు ఆగదు. ఇప్పుడు ఆ కేక వినడమే మా ఇద్దరికీ మ్యాచ్‌లో భాగమైపోయింది. మీకు అలా ఇష్టం లేకపోతే ఫోన్ పక్క గదిలో పెట్టండి. యాంటెనాలో ఈ ఆలస్యం దాదాపు ఉండదు.

చానెళ్ళు హఠాత్తుగా మాయమైతే?

అవుతాయి. 2025 అక్టోబరు 30 రాత్రి యూట్యూబ్ టీవీలో ఈఎస్‌పీఎన్, ఏబీసీ సహా డిస్నీ చానెళ్ళన్నీ పోయాయి. నవంబరు 14న తిరిగి వచ్చాయి. ఫుట్‌బాల్ సీజన్ నడిమధ్యలో రెండు వారాలు! ఆ రెండు వారాలు ఏబీసీని యాంటెనాలో చూసిన వాళ్ళకు సగం నొప్పి తగ్గింది. అప్పుడు వాళ్ళు 20 డాలర్ల క్రెడిట్ ఇచ్చారు. ఇలాంటివి జరిగినప్పుడు అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్ళి అడిగి తీసుకోండి. నెలవారీ చందా కాబట్టి ఆ నెలకు వేరే సర్వీసుకు మారిపోవడం కూడా మీ చేతిలోనే ఉంది.

కాలేజీలో ఉన్న అమ్మాయి కూడా అదే అకౌంట్ వాడుకోవచ్చా?

యూట్యూబ్ టీవీలో ఒక ఇంటికి ఆరు అకౌంట్లు ఇస్తారు. వేరే ఊళ్ళో ఉన్నప్పుడు ఆ ఊరి స్థానిక చానెళ్ళు వస్తాయి. అప్పుడప్పుడు ఇంటికి వచ్చినప్పుడు లాగిన్ అవుతూ ఉండాలి. సెలవులకు వచ్చే పిల్లలకు ఇబ్బంది ఉండదు. వేరే ఇంట్లో స్థిరంగా ఉండే బావగారి కుటుంబానికి మాత్రం ఇది పద్ధతి కాదు.

ఇంటర్నెట్ ఎంత వేగం కావాలి?

ఒక్క హెచ్‌డీ మ్యాచ్‌కు పది ఎంబీపీఎస్ చాలు, 4కెకి 25 ఉండాలి. వేగం కంటే రౌటర్ ఎక్కడుందన్నది ముఖ్యం. రౌటర్ గరాజ్ పక్క అలమరలో మూసిపెట్టి "మ్యాచ్ తిరుగుతోంది" అనే ఇళ్ళు చాలా చూశాను. నెలవారీ డేటా పరిమితి ఉన్న కనెక్షన్ అయితే లెక్క చూసుకోండి. హెచ్‌డీ గంటకు సుమారు 3 జీబీ తింటుంది.

కేబుల్ రద్దు చేసేటప్పుడు ఏం జాగ్రత్తలు?

ముందు కొత్త ఏర్పాటుతో రెండు వారాలు గడపండి. తర్వాత ఫోన్ చేసి, "టీవీ మాత్రం తీసేయండి, ఇంటర్నెట్ ఉంచండి, ఇంటర్నెట్ ఒక్కదానికీ కొత్త ధర ఎంత?" అని అడగండి. కొన్నిసార్లు టీవీ తీసేయగానే ఇంటర్నెట్ ధర పెంచుతారు. ఆ ధర తేలకుండా "సరే" అనకండి.

బాక్సులు, రిమోట్లు, పవర్ తీగలు అన్నీ తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. నేను రెండు బాక్సులు కౌంటర్ మీద పెట్టి, వరుసలో వెనక జనం ఎక్కువున్నారని రసీదు అడక్కుండా వచ్చేశాను. రెండు నెలల తర్వాత ఒక బాక్సు రాలేదని 120 డాలర్ల బిల్లు వచ్చింది. నాలుగు ఫోన్లు, మొత్తం మీద మూడు గంటలు. చివరికి సగం కట్టాల్సి వచ్చింది. ఆ ఒక్క కాగితం ముక్క కోసం ఎంతసేపైనా నిలబడండి.

ఇంతకీ మీ ఇంట్లో ఏం పెట్టుకున్నారు?

యాంటెనా ఏడాదంతా. సెప్టెంబరు నుంచి జనవరి దాకా యూట్యూబ్ టీవీ: అయిదు నెలలు, 415 డాలర్లు. ఫిబ్రవరి ఒకటిన దాన్ని రద్దు చేసేస్తాను. విల్లో ఏడాది చందా మార్చిలో, ఐపీఎల్‌కు వారం ముందు. పిల్లాడి కోసం పీకాక్ బాస్కెట్‌బాల్ నెలల్లో. అమ్మానాన్నలు వచ్చే వేసవిలో మాత్రం స్లింగ్‌లో తెలుగు ప్యాకేజీ. ఫిబ్రవరి ఒకటి, సెప్టెంబరు ఒకటి ఈ రెండు తేదీలూ మా ఆవిడ వంటింట్లో క్యాలెండర్ మీద, పాలవాడి లెక్కలు వేసే ఎర్ర పెన్నుతో చుట్టి పెడుతుంది.